పిల్లలే నడిపే కథాచర్చ: "దిద్దుబాటు"తో ఒక పీరియడ్, మొదటి నుంచి చివరిదాకా

తెలుగు క్లాసులో మనం "చర్చ" అని పిలుచుకునేది చాలాసార్లు ఇలా నడుస్తుంది. టీచర్ ప్రశ్న వేస్తారు, ముందు బెంచీల్లో ముగ్గురు చేతులెత్తుతారు, అందులో ఒకరు జవాబు చెబుతారు, టీచర్ "వెరీ గుడ్" అని అదే జవాబును కాస్త మంచి భాషలో మళ్లీ చెప్పి ఇంకో ప్రశ్నకు వెళ్తారు. మిగతా యాభై మందీ నోట్సు ఎప్పుడు చెబుతారా అని పెన్ను మూత తీసి కూర్చుంటారు. ఇది నోటి పరీక్ష. ఇందులో పిల్లలు ఒకరి మాట ఒకరు వినాల్సిన పనే లేదు, టీచర్ మాట వింటే చాలు.

పిల్లలే నడిపే చర్చలో ప్రశ్నలు వాళ్లవి, మాట్లాడే వరస వాళ్లది, ఒకరి మాటకు జవాబిచ్చేది ఇంకొకరు. టీచర్ వెనక కూర్చుని రాసుకుంటారు. పైకి చూస్తే టీచర్‌కు ఆ పీరియడ్ సెలవు దొరికినట్టే ఉంటుంది గానీ, టీచర్ చేయాల్సిన పనంతా దానికి ముందే అయిపోయి ఉండాలి, అది సరిగ్గా జరగకపోతే ఆ నలభై ఐదు నిమిషాలూ క్లాసు చేపల బజారే. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ ముందు పని గురించే చెబుతాను. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఎవరితోనైనా చేయొచ్చు. ఊరికే సలహాలు చెబితే చదివేవాళ్లకు ఏమీ అందదు కాబట్టి గురజాడ అప్పారావు రాసిన "దిద్దుబాటు" కథను ముందు పెట్టుకుని చెబుతాను.

ఈ కథే ఎందుకు

1910లో "ఆంధ్రభారతి" పత్రికలో వచ్చిన కథ ఇది. కొద్ది పేజీలే, ఒక పీరియడ్‌లో రెండుసార్లు చదివేయొచ్చు. గురజాడ 1915లోనే పోయారు కాబట్టి కాపీరైట్ గొడవ లేదు, క్లాసు మొత్తానికి జిరాక్సులు తీయించుకోవచ్చు.

చదివి చాలా ఏళ్లయినవాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: గోపాలరావు చదువుకున్నవాడు, సంస్కరణల మాటలు చెప్పేవాడు, సాని (ఆటపాటలే వృత్తిగా ఉన్న ఆమె) పాటలో పడి రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరతాడు. భార్య కమలిని కనిపించదు. నౌకరు రాముణ్ని లేపి అడుగుతాడు, కోపం పట్టలేక వాణ్ని కొడతాడు, వెంటనే పశ్చాత్తాపపడతాడు. కమలిని రాసిపెట్టిన ఉత్తరం కనిపిస్తుంది. నేను ఇంట్లో ఉండబట్టే కదా మీరు అబద్ధాలాడాల్సి వస్తోంది, నేను లేకపోతే మీకా ఇబ్బంది ఉండదు, పుట్టింటికి వెళ్తున్నాను అని అందులో ఉంటుంది. గోపాలరావు బెంబేలెత్తి, ఆడవాళ్ల గొప్పతనం మీద రాముడికే ఉపన్యాసం ఇచ్చి, కొట్టినందుకు రెండు రూపాయలిస్తానని, ఆ సంగతి మాత్రం కమలినికి చెప్పొద్దని చెప్పి, వెళ్లి ఆమెను తీసుకురమ్మంటాడు. అక్కడికెళ్లి ఏం చెప్పాలో రాముడు తన భాషలో చెప్పి చూపిస్తుంటే మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. కథ అక్కడితో అయిపోతుంది.

చర్చకు పెట్టే కథకు నేను ఒకటే పరీక్ష పెట్టుకుంటాను: దాన్ని శ్రద్ధగా చదివిన ఇద్దరు దాని మీద నిజంగా పోట్లాడుకోగలగాలి, ఆ ఇద్దరికీ ఆధారం కథలోనే దొరకాలి. నీతి ఒక్క వాక్యంలో తేలిపోయే కథ అయితే పది నిమిషాల్లో అందరూ ఒకే మాట మీదికి వచ్చేసి ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. శతకాల్లో నీతి పద్యాలు ఇందుకే ఈ పనికి అంతగా రావని నా అభిప్రాయం. "దిద్దుబాటు"లో మాత్రం పైకి ఒక నీతి కనిపిస్తూనే, దాని కింద తేలని సంగతులు నాలుగైదు ఉన్నాయి. వాటి దగ్గరికి ప్రశ్నల భాగంలో వస్తాను.

ఒకటి: అందరి చేతిలో ఒకే పాఠం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సగం చర్చలు ఇక్కడే చెడిపోతాయి. ఈ కథకు భాషలో తేడాలున్న పాఠాలు చలామణిలో ఉన్నాయి. ఒకరు పుస్తకంలోంచి, ఇంకొకరు ఫోన్‌లోంచి, మరొకరు అక్క పాత పాఠ్యపుస్తకంలోంచి తెచ్చుకుంటే "నా దాంట్లో అలా లేదు" అనే గొడవతోనే టైమ్ అయిపోతుంది. మీరే ఒక పాఠం ఎంచుకుని జిరాక్స్ తీయించండి. తీయించే ముందు మొదటి ప్రతి మీద ప్రతి పేరాకూ పక్కన పెన్నుతో నంబర్ వేయండి. ఈ కథలో సంభాషణ ఎక్కువ కాబట్టి పేరా నంబర్లు సరిపోకపోతే ప్రతి ఐదు లైన్లకూ ఒక నంబర్ వేయండి. చర్చ మధ్యలో ఎవరైనా "పన్నెండో పేరా చూడండి" అనగానే అరవై తలలు ఒకేసారి కాగితం మీదికి వంగాలి. ఆ ఒక్క దృశ్యం కోసమే ఈ నంబర్లు.

కాగితానికి ఎడంపక్క మార్జిన్ ఎక్కువ వదలండి, పిల్లలు అందులో రాసుకుంటారు. ఇద్దరికొక కాగితం అంటే కుదరదు, ఖర్చయినా ఒక్కొక్కరికీ ఒకటి ఇవ్వాలి.

రెండు: చదవడం

మొదటిసారి గట్టిగా చదవండి, లేదా చదివించండి. రాముడి మాటలు ఉత్తరాంధ్ర యాసలో ఉంటాయి. విజయనగరం, శ్రీకాకుళం పిల్లలకు అది ఇంటి మాట, కరీంనగర్‌లోనో అనంతపురంలోనో చదివే పిల్లలకు కొత్తగా ఉంటుంది, సినిమాల పుణ్యమా అని నవ్వు కూడా వస్తుంది. నవ్వొద్దని ముందే క్లాసు పీకకండి, అది ఇంకా నవ్వు తెప్పిస్తుంది. చక్కగా చదవగలిగే ఒకరికి ఆ మాటలు ముందురోజే ఇచ్చి, వెక్కిరింత లేకుండా మామూలుగా చదవమనండి. కథలో అందరికంటే తెలివిగా మాట్లాడేది రాముడేమో అనే అనుమానం వాళ్లకు దానంతటదే వస్తుంది. ఉత్తరం భాష దీనికి పూర్తిగా వేరు, దాన్ని నిదానంగా చదివించాలి, అర్థం కాని పదాలకు అక్కడే అర్థం చెప్పేయాలి. పదాలకు అర్థాలు చర్చ రోజు దాకా మిగిలిపోకూడదు.

రెండోసారి ఎవరికి వాళ్లు, మౌనంగా, చేతిలో పెన్సిల్‌తో. మూడు గుర్తులు చాలు: అర్థం కానిచోట ప్రశ్నార్థకం, నచ్చకపోయినా ఒప్పుకోలేకపోయినా అడ్డగీత, ముందు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ పొసగడం లేదనిపిస్తే రెండింటినీ కలిపే బాణం. బాణాలు వేయడం పిల్లలకు మొదట్లో రాదు. ఒకటి మీరే వేసి చూపించండి. ఉదాహరణకు గోపాలరావు రాముణ్ని కొట్టిన చోటికీ, అతను దయగలవాడని కథ చెప్పే చోటికీ మధ్య.

నేపథ్యం ఎంత చెప్పాలి అని చాలామంది అడుగుతారు. అర పేజీ చాలు, అదీ చదవడానికి ముందే. అప్పట్లో డబ్బున్న ఇళ్లలో పెళ్లిళ్లకు, విందులకు సానుల మేజువాణీలు, అంటే ఆటపాటల కచేరీలు, మామూలని, వాటికి వ్యతిరేకంగా కందుకూరి వీరేశలింగం, రఘుపతి వేంకటరత్నం నాయుడు లాంటివాళ్లు ప్రచారం చేశారని, చదువుకున్న కుర్రాళ్లు మేజువాణీలకు వెళ్లబోమని చెప్పుకోవడం ఆ ప్రచారంలో భాగమని, మద్రాసు రాష్ట్రంలో ఆడపిల్లల్ని దేవదాసీలుగా అర్పించడాన్ని నిషేధిస్తూ 1947లో చట్టం వచ్చిందని చెబితే సరిపోతుంది. ఈ మాటలు మామూలు గొంతుతో చెప్పేస్తే "సాని" అన్నచోట వెనక బెంచీల గుసగుసలు కూడా చాలావరకు తగ్గుతాయి. గురజాడ ఏం ఉద్దేశించారో, కథ సారాంశం ఏమిటో మాత్రం నోరు జారి కూడా చెప్పకండి. చెప్పారంటే చర్చలో మీ మాటే పది గొంతుల్లో వినిపిస్తుంది.

మూడు: ప్రశ్నలు పిల్లల దగ్గర్నుంచే రావాలి

దీనికి ఒక పూర్తి పీరియడ్ కేటాయించండి, సిలబస్ వెనకపడుతున్నా సరే. చర్చ బాగుంటుందా లేదా అనేది ఇక్కడే తేలిపోతుంది.

ప్రతి ఒక్కరికీ రెండు స్లిప్పులు ఇవ్వండి, పాత నోటుబుక్కు చింపిన ముక్కలైనా ఫర్వాలేదు. పేరు రాయక్కర్లేదు. ఒక్కో స్లిప్పు మీద ఒక్కో ప్రశ్న, దాని కింద ఆ ప్రశ్న ఎన్నో పేరా దగ్గర వచ్చిందో ఆ నంబరు. నంబరు లేని స్లిప్పు తీసుకోనని ముందే చెప్పండి. ఈ ఒక్క నియమం వల్ల "ఈ కథ ద్వారా రచయిత ఇచ్చిన సందేశమేమి?" అనే గైడు ప్రశ్న ఆటోమేటిగ్గా ఆగిపోతుంది, ఎందుకంటే దానికి పేరా నంబర్ దొరకదు.

మొదటిసారి వచ్చే స్లిప్పుల్లో చాలావరకు మూడు రకాలు ఉంటాయి. ఒకటి, కాగితంలో వేలు పెట్టి చూపించగలిగే జవాబున్నవి: గోపాలరావు ఇంటికి ఎన్ని గంటలకు వచ్చాడు? రెండు, జవాబుకి కథతో పనే లేనివి: ఆడవాళ్లకు చదువు అవసరమా? మూడోరకమే మనకు కావాల్సింది. జవాబు కథలో నేరుగా ఉండదు, కానీ కథ లేకుండా దొరకదు. ఈ మూడు రకాలకీ పెద్ద పేర్లు పెట్టి బోర్డు మీద రాయొద్దు. స్లిప్పులన్నీ ఒక్కొక్కటిగా చదివి, ఇది ఏ కుప్పలోకి వెళ్తుందో పిల్లల్నే అడగండి. పదిహేను ఇరవై స్లిప్పులయ్యేసరికి వాళ్లకే తెలిసిపోతుంది.

మొదటి రెండు కుప్పల్నీ పారేయక్కర్లేదు. చిన్న సవరణతో మూడో కుప్పలోకి తేవచ్చు, అసలు నేర్పాల్సిన పని ఈ సవరణే. "ఎన్ని గంటలకు వచ్చాడు?" అన్నదాన్ని "ఒంటిగంట కొట్టిందని రచయిత మొదట్లోనే ఎందుకు వినిపించారు, ఆ సంగతి చివర్లో చెబితే ఏం మారేది?" అని అడగొచ్చు. "ఆడవాళ్లకు చదువు అవసరమా?" అన్నదాన్ని "ఆడవాళ్ల చదువు గురించి రాముడు అనే మాట, దానికి గోపాలరావు చెప్పే సమాధానం, ఈ రెండింటిలో కమలిని చేసిన పని దేన్ని నిజం చేస్తుంది?" అని మార్చొచ్చు. ఇప్పుడు ఇది ఇద్దరు పోట్లాడుకోగలిగే ప్రశ్న అయింది.

"దిద్దుబాటు" మీద నిలబడే ప్రశ్నలు కొన్ని, మీ దగ్గర ఉంచుకోవడానికి మాత్రమే, పిల్లలకు ఇవ్వడానికి కాదు:

కమలిని ఉత్తరంలో వినయం నిజమైనదా, వెటకారమా? (రెండు వైపులా వాక్యాలు దొరుకుతాయి.)

భార్య అంటే భర్త కంటే గొప్పదని గోపాలరావు రాముడికి చెబుతున్నప్పుడు నిజంగా నమ్మే చెబుతున్నాడా, భయంతో చెబుతున్నాడా?

రెండు రూపాయలు క్షమాపణా, లంచమా? రాముడు దాన్ని ఏమనుకున్నట్టు?

రాముడికి కమలిని పథకం ముందే తెలుసా?

కమలిని మంచం కిందే ఉంటే, రాముడు తిన్న దెబ్బలు ఆమెకు వినిపించి ఉండాలి కదా, మరి ఎలా నవ్వగలిగింది?

చివరి ప్రశ్న నాకు అన్నిటికంటే ఇష్టం. దిద్దుబాటు జరిగింది భర్త విషయంలోనే, నౌకరు విషయంలో ఏమీ మారలేదు అనే వైపుకి క్లాసు వెళ్లొచ్చు. లేదా ఆ కాలపు హాస్య కథలో దెబ్బలు తినే నౌకరు ఒక మామూలు పాత్ర, ఇప్పటి తూకంతో తూచకూడదు అనే వైపుకి వెళ్లొచ్చు. ఆమె ఎక్కడుంది, దెబ్బలు ఎక్కడ పడ్డాయి, మధ్యలో గది తలుపు ఉందా అని పిల్లలు పేరాలు వెతికి ఇంటి ప్లాన్ గీయడం మొదలుపెడితే ఇక మీకు టెన్షన్ అక్కర్లేదు.

స్లిప్పుల్లోంచి ఐదు ప్రశ్నలు ఎంచేది పిల్లలే, చేతులెత్తించి ఓట్లు వేయించండి. మీకు బాగా నచ్చిన ప్రశ్న ఎవరూ రాయకపోతే ఒక స్లిప్పు మీరూ వేసుకోవచ్చు, అదీ పేరు లేకుండా, మిగతావాటిలో కలిపేసి. ఓట్లు రాకపోతే వదిలేయండి.

నాలుగు: ఎవరు ఎక్కడ

అమెరికాలో ఫిలిప్స్ ఎక్సెటర్ అనే స్కూలుకు 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ పెద్ద విరాళం ఇచ్చారు, దానితో అక్కడ కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద బల్ల చుట్టూ డజను మంది పిల్లలు, ఒక టీచర్ కూర్చుని పాఠాన్ని చర్చించుకునే పద్ధతి మొదలైంది. ఈ రకం చర్చల గురించి ఇంగ్లీషులో రాసిన సలహాలు చాలావరకు అలాంటి క్లాసును ఊహించుకునే రాస్తారు. మన దగ్గర అరవై మంది, నేలకు బిగించిన బెంచీలు, పక్క గదికి మధ్య చెక్క పార్టిషన్. ఇక్కడ పనికొచ్చే ఏర్పాటు వేరే చేసుకోవాలి.

అరవై మందిలో నలుగురిని పక్కకు తీయండి: నడిపేవాళ్లు ఇద్దరు, టైమ్ చూసేవాళ్లు ఒకరు, తేలని ప్రశ్నల్ని బోర్డు మీద రాసేవాళ్లు ఒకరు. మిగిలిన యాభై ఆరు మందిని నలుగురేసి చొప్పున పద్నాలుగు జట్లు చేయండి. ఒక్కో జట్టు నుంచి ఒక్కరు లోపలి వలయంలో కూర్చుంటారు, మిగతా ముగ్గురు ఆ మనిషి వెనకే ఉంటారు. మాట్లాడే హక్కు లోపలివాళ్లదే, వెనకవాళ్లు స్లిప్పు మీద పేరా నంబరో చిన్న మాటో రాసి ముందుకు అందిస్తారు. ఏడు నిమిషాలకు ఒకసారి లోపలివాళ్లు లేచి వెనక్కి వస్తారు, జట్టులోంచి ఇంకొకరు వెళ్తారు. నాలుగు విడతల్లో అందరూ లోపల కూర్చున్నట్టే. వెనక కూర్చున్నవాళ్లకు కూడా తర్వాత తమ వంతు వస్తుందని తెలుసు కాబట్టి చెవులు రిక్కించి వింటారు.

బెంచీలు కదలకపోతే వరండాలోకి, చెట్టు కిందికి, మధ్యాహ్న భోజనాలు పెట్టే షెడ్డులోకి వెళ్లండి. వాన పడితే ముందు వరస బెంచీల వాళ్లను వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, రెండు వరసలు ఎదురెదురుగా ఉండేలా చూసుకోండి. మొహాలు కనిపిస్తే చాలు, వలయం గుండ్రంగా రావాలనే పట్టింపు వద్దు. పక్క క్లాసు టీచర్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి, హెచ్.ఎం. గారికి కూడా.

నడిపేవాళ్లుగా క్లాసు ఫస్టునూ సెకండునూ పెట్టకండి. వాళ్లకు జవాబు చెప్పడం అలవాటు, అడిగి ఊరుకోవడం చేతకాదు. ఆటల్లో జట్టును సర్దేవాళ్లు, ఇంటి దగ్గర తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకునేవాళ్లు ఈ పని బాగా చేస్తారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి అయితే రెండు వైపుల వాళ్లకూ మాట్లాడటానికి సంకోచం తగ్గుతుంది. ముందురోజు పది నిమిషాలు వాళ్లతో కూర్చుని ఐదు ప్రశ్నల వరస తేల్చుకోండి. ఉత్తరం మీద ప్రశ్న ముందు, దెబ్బల మీద ప్రశ్న చివరికి దగ్గరగా ఉంటే మంచిది, దాన్ని ముందే పెడితే మిగతావాటి మీదికి ఎవరూ రారు.

వాళ్లు వాడగలిగే మాటలు ఒక అట్టముక్క మీద రాసివ్వండి:

"అది ఎన్నో పేరాలో ఉంది?"

"ఇప్పుడు వాళ్లు చెప్పింది ఒప్పుకుంటున్నావా, లేకపోతే వేరే మాట చెబుతున్నావా?"

"ఈ వైపు నుంచి ఇంకా ఎవరూ మాట్లాడలేదు."

"ఇది తేలలేదు, బోర్డు మీద రాసి ముందుకెళ్దాం."

ఈ నాలుగూ చాలు. వీటిలో మొదటిదే ఎక్కువసార్లు వాడాల్సి వస్తుంది.

ఐదు: ఆ నలభై ఐదు నిమిషాలు

కూర్చోవడానికి ఐదు నిమిషాలు, నాలుగు విడతలు ఏడేసి నిమిషాల చొప్పున ఇరవై ఎనిమిది, రాయడానికి ఎనిమిది. మిగిలిన నాలుగు నిమిషాలూ లేచి కూర్చోవడాల్లోనూ గోలలోనూ పోతాయి, వాటిని లెక్కలో పెట్టుకోకండి.

మొదటి ప్రశ్న చదవగానే ఎవరూ మాట్లాడరు. నడిపేవాళ్లు మీ వైపు చూస్తారు. లోపల పద్నాలుగు మందీ కాగితం వైపు చూస్తారు. ఆ నిశ్శబ్దం మీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, నోటి చివరిదాకా ఏదో వచ్చి ఆగుతుంది. ఆపుకోండి. మీరు కూడా కాగితం వైపే చూడండి. ఎవరో ఒకరు మొదలుపెడతారు, ఆ మాట పేలవంగా ఉన్నా సరే, దాన్ని కాదనడానికి రెండో గొంతు లేస్తుంది. మీరు ఒక్కసారి ఆదుకుంటే మాత్రం ఆ తర్వాత వచ్చే ప్రతి నిశ్శబ్దంలోనూ మీ కోసమే ఎదురు చూస్తారు.

మీరు ఎక్కడ కూర్చోవాలి? వలయానికి బయట, బోర్డుకు దూరంగా, నడిపేవాళ్ల వెనక వైపు. మాట్లాడేవాళ్ల కళ్లకు మీరు ఎదురుగా ఉంటే ప్రతి మాటా మీకే చెబుతారు, మీ తల ఊపు కోసం చూస్తారు. తల ఊపడం కూడా జవాబే, అది కూడా మానుకోవాలి.

చేతిలో ఒక కాగితం పెట్టుకోండి. దాని మీద వలయం గీసి పద్నాలుగు జట్లకు గుర్తులు వేసి, ఎవరి మాట తర్వాత ఎవరు మాట్లాడితే వాళ్ల మధ్య గీత గీస్తూ పోండి. ఎవరైనా పేరా నంబర్ చెప్పి చదివితే వాళ్ల గుర్తు దగ్గర ఒక చుక్క. పది నిమిషాలయ్యేసరికి ఆ కాగితమే మీకు అన్నీ చెబుతుంది: గీతలన్నీ ఇద్దరి మధ్యే ఉన్నాయా, అమ్మాయిల వైపు గీతలే లేవా, గీతలు చాలా ఉండి చుక్కలు లేవా. చుక్కలు లేకపోతే కథ వదిలేసి ఎవరి అభిప్రాయాలు వాళ్లు చెప్పుకుంటున్నారని అర్థం. అప్పుడు కూడా మీరు మాట్లాడక్కర్లేదు, నడిపేవాళ్లకు ఒక స్లిప్పు పంపండి: "పేరా అడగండి."

మీరు నోరు తెరవాల్సిన సందర్భాలు రెండే. ఒకరి కులం, ఇల్లు, రంగు, యాస మీద మాట పడితే ఆ క్షణమే ఆపాలి, అక్కడ స్లిప్పులతో పని కాదు. ఈ కథలో నౌకరు, సాని ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఇలాంటి మాట వచ్చే అవకాశం ఉంది, సిద్ధంగా ఉండండి. రెండోది, కథలో లేనిదాన్ని ఉన్నట్టు ఒకరు చెప్పి, అందరూ దాన్నే నమ్మి ముందుకెళ్లిపోతుంటే. కమలిని నిజంగానే పుట్టింటికి వెళ్లి తిరిగొచ్చిందని ఎవరో అంటారు, రెండు నిమిషాలైనా ఎవరూ పట్టుకోరు. అప్పుడు "చివరి పేరా మళ్లీ ఒకరు చదవండి" అంటే చాలు.

భాష తప్పులు ఆ పీరియడ్‌లో దిద్దకండి. ఏ యాసలో వస్తే ఆ యాసలో చెప్పనివ్వండి, ఇంగ్లీషు ముక్కలు కలిసినా వదిలేయండి. "నాకైతే గదే అనిపిస్తుంది" అని మొదలుపెట్టిన పిల్లను "అదే అనాలి" అని ఆపితే ఆమె ఆ ఏడాదిలో మళ్లీ చెయ్యెత్తదు.

ఆరు: తప్పకుండా వచ్చే తలనొప్పులు

ఒక్కడే మాట్లాడుతుంటాడు. జట్లు మారడం వల్ల ఇది ఏడు నిమిషాలకు మించి సాగదు, అయినా ముందే ఒక ఏర్పాటు చేసుకోవచ్చు. లోపల కూర్చున్న ప్రతివాళ్లకూ మూడు అగ్గిపుల్లలో చింతపిక్కలో ఇవ్వండి, మాట్లాడిన ప్రతిసారీ ఒకటి మధ్యలో పెట్టాలి, అయిపోతే ఆ విడతకు అంతే. పెద్ద క్లాసుల పిల్లలకు ఇది పిల్లతనంగా అనిపిస్తుంది, డిగ్రీలో అయితే వాడకండి.

అసలు మాట్లాడనివాళ్లు. వాళ్లను పేరు పెట్టి పిలిచి "నువ్వు చెప్పు" అనడం శిక్షే. దానికి బదులు నడిపేవాళ్లు ఒక పేరా చదవమని అడగొచ్చు. గట్టిగా ఒకసారి చదివాక అదే గొంతుతో ఒక మాట చెప్పడం సులువవుతుంది. బయట నుంచి మంచి స్లిప్పులు రాసి పంపేవాళ్లను కూడా మాట్లాడినట్టే లెక్కవేయండి.

అందరూ ఒకే మాట మీద ఉండటం. ఈ కథ విషయంలో "భార్య భర్తకు బుద్ధి చెప్పింది" అనే మాట దగ్గర అందరూ ఆగిపోయే ప్రమాదం ఉంది. నడిపేవాళ్లు సగం వలయాన్ని కాసేపు రాముడి తరఫున మాట్లాడమనొచ్చు: ఆ రాత్రి ఏం జరిగిందో మర్నాడు రాముడు తన ఇంట్లో ఎలా చెప్పుకుంటాడు? ఈ ఒక్క ప్రశ్నతో మాట కదులుతుంది.

చర్చ సినిమాల్లోకో, ఎవరింట్లోనో జరిగినదానిలోకో వెళ్లిపోవడం. కొంచెం వెళ్లనివ్వండి. వాళ్ల ఇంటి కథ లోపలికి రావడం తప్పేమీ కాదు, కానీ అది ఒక ఇంటి పరువును బయటపెట్టే దాకా వెళ్తే నడిపేవాళ్లు "మళ్లీ పేరాకి వద్దాం" అనాలి. ఈ సంగతి వాళ్లకు ముందురోజే చెప్పి ఉంచండి.

ఏడు: రాత, మార్కులు

చివరి ఎనిమిది నిమిషాల్లో ప్రతి ఒక్కరూ ఒక పేరా రాయాలి. ప్రశ్న ఎప్పుడూ ఒకటే పెట్టండి: ఈరోజు ఎవరు చెప్పిన మాట వల్ల నీ అభిప్రాయం మారింది లేదా గట్టిపడింది, ఆ మాటకు ఆధారం ఎన్నో పేరాలో ఉంది? క్లాస్‌మేట్ పేరు, పేరా నంబరు, రెండూ తప్పనిసరి. పక్కవాళ్ల మాట వినకుండా ఈ జవాబు రాయడం కుదరదు.

ఎన్నిసార్లు మాట్లాడారు అన్నదాని మీద మార్కులు వేయకండి, వేస్తే వచ్చేసారి అందరూ ఉత్తినే మాట్లాడతారు. ఈ పేరాకు వేయండి. ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో భాగస్వామ్యానికీ ప్రతిస్పందనలకీ మార్కులు వేయాల్సిన చోట ఈ కాగితాలే రికార్డుగా పనికొస్తాయి, ఆ రికార్డు కోసం వేరే ప్రాజెక్టు ఇంటర్నెట్ నుంచి దింపించి అట్టలు వేయించే బాధ తప్పుతుంది. పరీక్షల సంగతేమిటి అని తల్లిదండ్రులో మేనేజ్‌మెంటో అడిగితే, కమలిని పాత్ర స్వభావం గురించి రాయమన్నప్పుడు చర్చ చేసిన సెక్షన్ పేపరూ చేయని సెక్షన్ పేపరూ పక్కపక్కన పెట్టి చూపించండి. అందరి జవాబూ ఒకేలా లేకపోవడం వాళ్లకు కూడా కనిపిస్తుంది.

మర్నాడు ఐదు నిమిషాలు తీసుకుని, బోర్డు మీద తేలకుండా మిగిలిన ప్రశ్నలు ఒకసారి చదవండి. "సార్, మీరేమంటారు?" అని తప్పకుండా అడుగుతారు. చెప్పండి, దాచడం కూడా బాగుండదు, కానీ మీరు కూడా పేరా నంబర్ చెప్పాలి, మీ మాటను కాదనే అవకాశం వాళ్లకూ ఉండాలి.

రెండో చర్చకు మూడు నాలుగు వారాల ఎడం ఇవ్వండి. దానికి భండారు అచ్చమాంబ 1902లో రాసిన "ధనత్రయోదశి" బాగా కుదురుతుంది. పేదరికంలో దారి తప్పిన భర్తను అక్కడ కూడా భార్యే సరిదిద్దుతుంది, అయితే నవ్వుతో కాదు. మొదటి కథ కాగితాలు కూడా తెచ్చుకోమనండి, "కమలిని ఇక్కడుంటే ఏం చేసేది?" అని ఎవరో ఒకరు స్లిప్పు మీద రాస్తారు. ఈసారి నడిపేవాళ్లుగా కొత్త ఇద్దరిని ఎంచండి, మొదటిసారి మీ కాగితం మీద ఎవరి గుర్తు దగ్గర గీతలు తక్కువగా ఉన్నాయో వాళ్లలోంచి.